బాల రైడర్‌నీ గుర్రాన్నీ షో జంపింగ్ పోటీకి సిద్ధం చేయడం: ఆరు నెలల సమగ్ర మార్గదర్శి

షో జంపింగ్ చూసేవాళ్లకు గుర్తుండేది గుర్రం గాల్లో ఉన్న ఆ కాస్త క్షణమే. ఫలితం తేలేది మాత్రం ఒక జంప్‌కీ ఇంకో జంప్‌కీ మధ్య, నేల మీద. గుర్రం ఏ లయలో వచ్చింది, ఎంత తిన్నగా వచ్చింది, ఎక్కడి నుంచి పైకి లేచింది అన్న మూడు సంగతులు కుదిరితే, 80 సెంటీమీటర్ల బార్ దాటడం ఆరోగ్యంగా ఉన్న ఏ గుర్రానికీ కష్టం కాదు. అందుకే పిల్లలను పోటీకి తయారు చేసేటప్పుడు బార్ ఎత్తు గురించి అన్నిటికన్నా చివర్లో ఆలోచించాలని నేను గట్టిగా చెబుతాను.

ఇది 12 నుంచి 16 ఏళ్ల పిల్లల కోసం, వాళ్ల తల్లిదండ్రుల కోసం రాసింది. పిల్లకో పిల్లాడికో వాక్ (నడక), ట్రాట్ (చిన్న పరుగు), క్యాంటర్ (అంతకన్నా వేగంగా, లయగా సాగే పరుగు) మూడూ ధైర్యంగా చేయడం వచ్చి ఉండాలి. లక్ష్యం 80–90 సెంటీమీటర్ల తొలి పోటీ. చేతిలో ఆరు నెలలు ఉన్నాయనుకుందాం. మన దగ్గర పోటీలు ఎక్కువగా చలికాలంలో జరుగుతాయి కాబట్టి వానాకాలం మొదట్లో సాధన మొదలుపెడితే సరిపోతుంది.

ముందు నియమాలు తెలుసుకోండి

చాలామంది పిల్లలు నియమాలు పోటీ రోజున నేర్చుకుంటారు. అది అన్యాయం. బార్ పడితే 4 పెనాల్టీలు. గుర్రం జంప్ (దూకాల్సిన అడ్డు) ముందు ఆగిపోయినా, పక్కకు తప్పుకున్నా మొదటిసారి 4 పెనాల్టీలు. అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్ఈఐ నియమాల ప్రకారం రెండోసారి అలా జరిగితే పోటీ నుంచి తొలగిస్తారు. రైడర్ కిందపడినా, గుర్రం పడినా తొలగింపే. జంప్‌లు వరస తప్పి దూకినా అంతే. ఇచ్చిన సమయం దాటితే ఆ పెనాల్టీలు కూడా కలుస్తాయి.

ప్రతి జంప్‌కూ కుడి వైపు ఎర్ర జెండా, ఎడమ వైపు తెల్ల జెండా ఉంటాయి. గంట మోగాక 45 సెకన్లలో స్టార్ట్ గీత దాటాలి. కాంబినేషన్‌లో, అంటే ఎ, బి అని గుర్తులున్న జంట జంప్‌లలో, గుర్రం 'బి' దగ్గర ఆగితే మళ్లీ 'ఎ' నుంచి రావాలి. రెండు జంప్‌ల మధ్య వచ్చిన దారినే అడ్డంగా దాటుతూ చుట్టు తిరిగితే అది కూడా గుర్రం మొండికేసినట్టే లెక్క. దూరం కుదరడం లేదని భయపడి పిల్లలు ఎక్కువగా చేసే తప్పు ఇదే.

ఒలింపిక్స్‌లో అమ్మాయిలూ అబ్బాయిలూ ఒకే వరసలో, ఒకే నియమాలతో పోటీపడే ఆటలు అశ్విక క్రీడలే. జంపింగ్‌లో మహిళలకు 1956 నుంచి ఆ అవకాశం ఉంది. మీ అమ్మాయికి ఇది సరిపోతుందా అని అడిగే తల్లిదండ్రులకు ఈ సంగతి చెబుతుంటాను.

జోడీ కుదర్చడం

కొత్త రైడర్‌కు కొత్త గుర్రాన్ని ఇవ్వకండి. ఇద్దరిలో ఒకరికైనా దారి తెలిసి ఉండాలి. పన్నెండేళ్ల పిల్లకు ఎనిమిది నుంచి పదిహేనేళ్ల మధ్య వయసున్న, కోర్సులు, అంటే పోటీకి వరసగా పెట్టిన జంప్‌ల దారులు, చాలా చూసిన నిదానమైన గుర్రం దొరికితే అదే అదృష్టం. అందం, రంగు, జాతి పేరు ఇవన్నీ తర్వాతి విషయాలు. బరువు కూడా చూడాలి. రైడర్, జీను కలిపి గుర్రం బరువులో 15 శాతం దగ్గర ఉంటే మంచిది, 20 శాతం దాటకూడదు.

మన దేశంలో స్వారీ పాఠశాలల్లో ఉండే గుర్రాల్లో చాలా వాటి పూర్వాశ్రమం రేస్‌కోర్సే. హైదరాబాద్‌లో మలక్‌పేట, ఇంకా బెంగళూరు, చెన్నై, పుణె, ముంబయి ట్రాకుల మీద పరుగెత్తి రిటైరైన థొరోబ్రెడ్‌లు, అంటే రేసు జాతి గుర్రాలు ఇవి. తెలివైనవి, మనసు పెట్టి పని చేస్తాయి. అయితే రేసులో పగ్గాలు బిగిస్తే వేగం పెంచాలని వాటికి అలవాటై ఉంటుంది. భయపడిన పిల్ల పగ్గాలు లాగుతుంది, గుర్రం ఇంకా వేగంగా పోతుంది, పిల్ల ఇంకా లాగుతుంది. అందుకని రేసు నుంచి వచ్చిన గుర్రానికి కొన్ని నెలలు విశ్రాంతి ఇచ్చి, అనుభవం ఉన్న పెద్ద రైడర్ కనీసం ఏడాదైనా మళ్లీ నేర్పించాకే పిల్లల చేతికి ఇవ్వాలి. ఇలాంటి గుర్రాల్లో కడుపులో పుండ్లు ఎక్కువగా కనిపిస్తాయి. దాణా వదిలేయడం, పొట్ట పట్టీ బిగిస్తుంటే కొరకబోవడం లాంటివి కనిపిస్తే పశువైద్యుడికి చూపించండి.

కొనే ముందు గానీ, లీజుకు తీసుకునే ముందు గానీ మీ తరఫున వచ్చే పశువైద్యుడితో పరీక్ష చేయించాలి. గట్టి నేల మీద తిన్నగా ట్రాట్ చేయించడం, కాలు మడిచి పట్టుకుని వదిలాక నడిపించి చూడడం, గుండె, కళ్లు, వీపు, గిట్టలు అన్నీ చూడాలి. నాలుగేళ్లు నిండని గుర్రాన్ని రైడర్‌తో దూకించడం తప్పు. వెన్నెముకలో ఎముకలు పూర్తిగా ముదరడానికి ఐదారేళ్లు పడుతుంది.

మొదటి ఆరు వారాలు: రైడర్ కూర్చునే తీరు

ఇరవయ్యో శతాబ్దం మొదలయ్యే దాకా రైడర్లు దూకేటప్పుడు వెనక్కి వాలేవారు. ఇటలీ అశ్వికదళంలో అధికారి ఫెడెరికో కాప్రిల్లి (1868–1907) గుర్రాలను గమనించి, గుర్రం బరువు ముందుకు కదిలేటప్పుడు రైడర్ కూడా దానితో పాటు ముందుకు రావాలని, నోటిని లాగకుండా దాని మెడకు స్వేచ్ఛ ఇవ్వాలని చూపించాడు. ఇప్పుడు ప్రపంచమంతా వాడేది ఆ పద్ధతే. మీ పిల్లకు నేర్పాల్సిందీ అదే.

స్టిరప్‌లను (కాళ్లు పెట్టుకునే రికాబులను) మామూలు కన్నా రెండు మూడు రంధ్రాలు కురచ చేయండి. బరువు మడమల్లోకి దిగాలి, మోకాళ్లు జీనును పటకారులా పట్టుకోకూడదు. పిరుదులు జీను నుంచి కాస్త లేపి, తుంటి దగ్గర వంగి, వీపు తిన్నగా ఉంచి నిలబడడాన్ని టూ పాయింట్ అంటారు. ఇందులో రోజూ ఒకటి రెండు నిమిషాలతో మొదలుపెట్టి, ఆరు వారాల్లో ట్రాట్‌లోనూ క్యాంటర్‌లోనూ ఏకబిగిన ఐదు నిమిషాలు ఉండగలగాలి. చేతులు గుర్రం మెడకు ఆనించవచ్చు, పగ్గాల మీద వేలాడకూడదు.

వారానికి ఒకసారి లంజింగ్ చేయించండి. శిక్షకుడు పొడవాటి తాడుతో గుర్రాన్ని చుట్టూ తిప్పుతుంటే రైడర్ పగ్గాలు లేకుండా, తర్వాత స్టిరప్‌లు కూడా లేకుండా కూర్చోవాలి. పిల్లలకు ఇది నచ్చదు, తొడలు నొప్పి పెడతాయి. కానీ పగ్గాలు పట్టుకుని బ్యాలెన్స్ చేసుకునే రైడర్ ప్రతి జంప్‌కూ గుర్రం నోటిని కుదుపుతుంది. ఆ నొప్పి గుర్తున్న గుర్రం కొన్నాళ్లకు ఆగడం నేర్చుకుంటుంది.

హెల్మెట్ విషయంలో బేరం వద్దు. పీఏఎస్ 015, ఏఎస్‌టీఎం లాంటి ప్రమాణం ముద్ర ఉన్నదే కొనండి. గట్టిగా పడ్డాక పైకి ఏమీ కనిపించకపోయినా కొత్తది కొనాలి, ఎందుకంటే లోపలి ఫోమ్ ఒక్కసారి దెబ్బకే నలిగిపోతుంది. చిన్న మడమ ఉన్న బూట్లు, బాడీ ప్రొటెక్టర్, కిందపడితే కాలును వదిలేసే సేఫ్టీ స్టిరప్‌లు కూడా అవసరం.

ఫ్లాట్‌వర్క్: అసలు పని ఇక్కడే

జంప్‌లు లేకుండా నేల మీద చేసే సాధనను ఫ్లాట్‌వర్క్ అంటారు. ఆరు నెలల్లో అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ దీని మీదే ఉండాలి. సాధించాల్సింది ఒకటే. ఒకే క్యాంటర్‌లో గుర్రం అంగను పొడవు చేయమంటే పొడవు చేయాలి, కురచ చేయమంటే కురచ చేయాలి. ఆ రెండింటిలోనూ లయ చెడకూడదు.

సాధనకు రెండు పోల్స్ (పొడవాటి కర్రలు) చాలు. నేల మీద 18 మీటర్ల దూరంలో రెండు పోల్స్ ఒకే వరసలో పెట్టండి. మొదట మామూలు క్యాంటర్‌లో దాటిస్తూ మధ్యలో ఎన్ని అంగలు పడ్డాయో పిల్లను పైకి లెక్కపెట్టమనండి. గుర్రం అంగ సుమారు 3.6 మీటర్లు ఉంటుంది, పోల్స్ నేల మీదే ఉన్నాయి కాబట్టి నాలుగో ఐదో పడతాయి. ఇప్పుడు అదే దూరంలో ఒక అంగ ఎక్కువ వేయించాలి, ఆ తర్వాత ఒకటి తక్కువ వేయించాలి. పైకి లెక్కపెట్టడం వల్ల ఊపిరి ఆగదు, భుజాలు బిగుసుకోవు. ఈ ఒక్క అభ్యాసం బాగా వచ్చిన పిల్ల పోటీలో చాలా కష్టాలు తప్పించుకుంటుంది.

వేగం కూడా ఒంటికి తెలియాలి. తక్కువ ఎత్తు పోటీల్లో నిమిషానికి 350 మీటర్ల వేగం తరచుగా అడుగుతారు. మైదానంలో 117 మీటర్లు కొలిచి గుర్తులు పెట్టండి. ఆ దూరం 20 సెకన్లలో దాటితే అదే వేగం. పిల్లలకు మొదటిసారి ఇది చాలా వేగంగా అనిపిస్తుంది. ఇంట్లో నిదానంగా దూకడం అలవాటైన పిల్లలు పోటీలో బార్లు పడకపోయినా సమయం దాటిపోయి బాధపడతారు.

ఎడమ, కుడి రెండు వైపులా సమానంగా పని చేయించండి. ప్రతి గుర్రానికీ ఒక పక్క బిగుసుగా ఉంటుంది. మలుపులో ముందరి కాళ్లలో ఏది ముందు పడుతోందో, అంటే లీడ్ ఏదో, కిందకి చూడకుండా చెప్పగలగాలి. తప్పు లీడ్‌తో మలుపు తిరిగితే గుర్రం బ్యాలెన్స్ పోయి తర్వాతి జంప్‌కు వంకరగా వస్తుంది.

గ్రిడ్‌లు

ఏడో వారం నుంచి వారానికి ఒకరోజు గ్రిడ్ సాధన. దగ్గర దగ్గరగా పెట్టిన జంప్‌ల వరసే గ్రిడ్. దూరాలు కొలిచి పెడతాం కాబట్టి ఎక్కడి నుంచి లేవాలో గుర్రానికి తెలుస్తుంది, పిల్ల తన కూర్చునే తీరు మీదే దృష్టి పెట్టవచ్చు.

ట్రాట్‌తో మొదలుపెట్టండి. నేల మీద ఒక పోల్, దానికి 2.5 మీటర్ల దూరంలో చిన్న క్రాస్, అంటే రెండు బార్లు ఒకదానికొకటి అడ్డంగా పెట్టిన జంప్. కొన్నిసార్లు దాటాక, క్రాస్ నుంచి 5.5 మీటర్లకు 60 సెంటీమీటర్ల వర్టికల్ (వెడల్పు లేని నిటారు జంప్) చేర్చండి, మధ్యలో ఒక అంగ. అది తేలిగ్గా వస్తే మరో 6.4 మీటర్లకు చిన్న ఆక్సర్, అంటే వెడల్పున్న జంప్. ట్రాట్‌లో మొదలయ్యే గ్రిడ్‌లో వేగం తక్కువ కాబట్టి దూరాలు పోటీలో కన్నా తక్కువ ఉంటాయి. మీది పొట్టి గుర్రం (పోనీ) అయితే ఇంకా తగ్గించాలి. గుర్రం కాళ్లు ఎక్కడ పడుతున్నాయో పక్కన నిలబడి చూసి, అవసరమైతే అర అడుగు జరపండి. పుస్తకంలో దూరం కన్నా మీ గుర్రం అంగే ముఖ్యం. ఆక్సర్ వెనక బార్‌కు సేఫ్టీ కప్పులే వాడాలి, గుర్రం దాని మీద దిగితే అవి బార్‌ను వదిలేస్తాయి.

ఒక రోజులో పాతిక ముప్పై దూకుళ్లు మించనివ్వకండి. బాగా వచ్చిన చోట ఆపేయాలి. “ఇంకొక్కసారి సార్” అని పిల్లలు బతిమాలతారు, ఒప్పుకోకండి.

కోర్సు నడవడం, దూరం కొలవడం

పోటీ ముందు రైడర్లు కోర్సంతా కాలినడకన చూస్తారు. దానికి ఇంటి దగ్గరే సాధన కావాలి. నేల మీద 90 సెంటీమీటర్లకు ఒక గీత గీసి, పిల్ల ప్రతి అడుగూ గీత మీద పడేలా నడిపించండి. నాలుగు అడుగులు ఒక అంగ. మొదటి జంప్ దాటాక దిగడానికి రెండు అడుగులు, రెండో జంప్‌కు లేవడానికి రెండు అడుగులు వదిలేయాలి. 24 అడుగులు వచ్చాయనుకోండి, నాలుగు తీసేస్తే 20, అంటే ఐదు అంగలు. ఒక అంగ కాంబినేషన్ సుమారు 7.3 మీటర్లు, రెండు అంగలది సుమారు 10.8 మీటర్లు ఉంటుంది. జంప్‌లు చిన్నవైతే ఇవి కొంచెం తగ్గుతాయి.

నడిచేటప్పుడు పిల్ల అసలు స్వారీ చేసే దారిలోనే నడవాలి, అడ్డదారిలో కాదు. మలుపు ఎక్కడ మొదలుపెట్టాలో గుర్తుకు ఒక స్తంభమో, టెంటో చూసుకోవాలి. ఎండ ఎటు ఉంది, నేల ఎక్కడ వాలుగా ఉంది, గేటు ఎటు ఉంది అన్నవీ చూడాలి. గుర్రాలు గేటు వైపు వెళ్లేటప్పుడు వేగం పెంచుతాయి, గేటుకు దూరమయ్యేటప్పుడు బద్ధకిస్తాయి. ఇదంతా అయ్యాక కళ్లు మూసుకుని కోర్సంతా వరసగా చెప్పమనండి. చెప్పలేకపోతే మళ్లీ నడవాలి.

పూర్తి కోర్సులు మూడో నెల చివర్లో మొదలుపెడితే చాలు, అదీ 60–70 సెంటీమీటర్లలో. సాధనలో కోర్సు 400 మీటర్లు ఉంటే 350 వేగానికి 69 సెకన్లు వస్తుంది, స్టాప్‌వాచ్ పెట్టి చూడండి.

గుర్రం ఒళ్లు

గుండె, ఊపిరితిత్తులు నెలా రెండు నెలల్లో దారికి వస్తాయి. టెండన్లు (కండరాలను ఎముకలకు కలిపే స్నాయువులు), ఎముకలు గట్టిపడడానికి ఆరు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. అందువల్ల రెండో నెలలో గుర్రం ఎగిరెగిరి పడుతుంటే సిద్ధమైపోయిందని మోసపోతాం. దాని కాళ్లు ఇంకా సిద్ధం కాలేదు. వారంలో ఒకరోజు పూర్తి విశ్రాంతి, ఒకరోజు గ్రిడ్, ఒకరోజు కోర్సో చిన్న జంప్‌లో, రెండు రోజులు ఫ్లాట్‌వర్క్, మిగతా రెండు రోజులు బయట తీరిగ్గా నడక. జంప్‌లు వారానికి రెండు రోజులు దాటకూడదు. విశ్రాంతి రోజున కూడా లాయంలో కట్టేసి ఉంచకుండా కాసేపు బయట తిరగనివ్వండి.

పొద్దున్నే గుర్రాన్ని చూడడం పిల్ల పనే, సైస్ (గుర్రాన్ని చూసుకునే పనివాడు) మీద వదిలేయకూడదు. నాలుగు కాళ్లనూ చేత్తో తడిమి వేడి, వాపు చూడాలి. విశ్రాంతిలో ఉష్ణోగ్రత 37.2 నుంచి 38.3 డిగ్రీలు, గుండె నిమిషానికి 28–44 సార్లు, ఊపిరి 8–16 సార్లు ఉండాలి. తన గుర్రానికి మామూలుగా ఎంత ఉంటుందో పిల్లకు నోటికి రావాలి.

తిండిలో ముఖ్యం గడ్డే. శరీర బరువులో కనీసం ఒకటిన్నర శాతం ఎండుగడ్డో, లూసర్న్ అనే పశుగ్రాసమో కావాలి, అంటే 450 కిలోల గుర్రానికి దాదాపు ఏడు కిలోలు. దాని పొట్ట చిన్నది, అందుకే దాణా ఒక్కపూటకు రెండు కిలోలు మించకుండా మూడు నాలుగు పూటలు పెట్టాలి. ఉలవలు మన దగ్గర ఎప్పటి నుంచో పెడుతున్నారు, ఉడికించి కొలతతో పెడితే మంచివే. పని ముందు మూడు గంటల్లో దాణా వద్దు. రోజూ ఉప్పు ఇవ్వాలి, నీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. లాడాలు నాలుగు నుంచి ఆరు వారాలకోసారి మార్చాలి. పోటీకి ముందు రోజు కొత్త లాడాలు కొట్టించకండి, వారం పది రోజుల ముందే ఆ పని అయిపోవాలి.

ఎండ వేళ సాధన మానేసి తెల్లవారుజామునే చేయండి. ఒళ్లు కాలుతున్న గుర్రం మీద చల్లనీళ్లు పోస్తే కండరాలు పట్టేస్తాయని ఇప్పటికీ కొందరు అంటారు. 1996 అట్లాంటా ఒలింపిక్స్ ముందు చేసిన పరిశోధనల్లో చల్లనీళ్లు ధారాళంగా పోయడమే సురక్షితమని తేలింది. ఊపిరి తగ్గే దాకా ఆపకుండా ఒళ్లంతా పోస్తూ ఉండండి.

ఆగిపోతున్న గుర్రం

దీని గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే గుర్రాలకు ఎక్కువ అన్యాయం జరుగుతుంది. నిన్నటి దాకా దూకిన గుర్రం ఇవాళ ఆగిందంటే కొరడా తీసే ముందు జీను చూడండి. మూపు మీద ఒత్తుతోందా? వీపు రెండు వేళ్లతో నొక్కితే కుంగుతోందా? పళ్లు చివరిసారి ఎప్పుడు చూపించారు? గిట్టల్లో నొప్పి ఉందా? వీటిలో ఏదీ లేదని తేలాక రైడర్‌ను చూడండి. చివరి మూడు అంగల్లో పిల్ల ముందుకు పడిపోతోందా, బార్ వైపు కిందికి చూస్తోందా, కాళ్లు వదిలేస్తోందా? ఎక్కువసార్లు సమాధానం అక్కడే దొరుకుతుంది. జంప్‌ను 40 సెంటీమీటర్లకు దించి, ట్రాట్‌లో తీసుకొచ్చి, దాటాక మెడ నిమరండి. కోపంతో కొట్టిన దెబ్బను గుర్రం ఆ జంప్‌తో కలిపి గుర్తుపెట్టుకుంటుంది. ఎఫ్ఈఐ నియమాల్లో తొలగింపు తర్వాత కొరడా వాడడం నిషిద్ధం.

కాగితాలు, టీకాలు, ప్రయాణం

రెండు నెలల ముందే మొదలుపెట్టండి. జాతీయ స్థాయి పోటీలకు రైడర్, గుర్రం ఇద్దరూ ఈక్వెస్ట్రియన్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియాలో నమోదై ఉండాలి. ఎఫ్ఈఐ లెక్కలో 12–14 ఏళ్ల వాళ్లు చిల్డ్రన్, 14–18 వాళ్లు జూనియర్లు. ధనుర్వాతం, ఇన్‌ఫ్లుయెంజా టీకాలు గుర్రం పాస్‌పోర్టులో రాసి ఉండాలి. అంతర్జాతీయ పోటీల్లో ఇన్‌ఫ్లుయెంజా బూస్టర్ ఆరు నెలల 21 రోజుల లోపలిదై ఉండాలి, పోటీకి చేరే ముందు ఏడు రోజుల్లో వేయించకూడదు. గ్లాండర్స్ పరీక్ష నివేదిక కూడా అడుగుతారు. ఇది మనుషులకూ సోకే ప్రమాదకరమైన జబ్బు కాబట్టి దీన్ని కాగితం పనిగా తీసేయకండి.

హైదరాబాద్ నుంచి బెంగళూరు లాంటి దూరం ట్రక్కులో పోవాలంటే నాలుగు గంటలకోసారి ఆపి నీళ్లు పెట్టాలి, తల కిందికి వంచనివ్వాలి. తల పైకి కట్టేసి గంటల తరబడి తీసుకెళితే ఊపిరితిత్తులకు ఇన్‌ఫెక్షన్ వస్తుంది. ఇంటి గడ్డి వెంట తీసుకెళ్లండి. పోటీకి కనీసం రెండు రోజుల ముందు చేరాలి.

పోటీ రోజు

పిల్లను ఖాళీ కడుపుతో పంపకండి, అలవాటైన టిఫినే పెట్టండి. వార్మప్ అరగంట చాలు. పది నిమిషాలు వాక్, తర్వాత ట్రాట్, క్యాంటర్ రెండు వైపులా. రెండు మూడు క్రాస్‌లు, మూడు వర్టికల్స్, రెండు మూడు ఆక్సర్లు. ఎఫ్ఈఐ నియమాల ప్రకారం ఇలాంటి పోటీల్లో సాధన జంప్ పోటీ ఎత్తు కన్నా 10 సెంటీమీటర్లకు మించి ఎక్కువ ఉండకూడదు, జెండాల దిశలోనే దూకాలి. మీరైతే పోటీ ఎత్తులోనే ఉంచండి. ఆఖరి జంప్ తేలిగ్గా ఉండాలి.

గేటు దగ్గర పిల్లకు కొత్త సలహాలు ఇవ్వకండి. టెన్షన్‌లో ఉన్న పిల్ల చెవికి ఒక్క మాట కన్నా ఎక్కువ ఎక్కదు. “లెక్కపెట్టు” అంటే చాలు. లోపలికి వెళ్లాక జడ్జిలకు సెల్యూట్, గంట, మంచి క్యాంటర్ వచ్చే దాకా ఒక పెద్ద చుట్టు, ఆ తర్వాతే స్టార్ట్ గీత. ఒక బార్ పడితే వెనక్కి చూడకూడదు. చూసిన పిల్ల తర్వాతి జంప్‌కు వంకరగా వస్తుంది.

పిల్ల కిందపడి తలకు దెబ్బ తగిలితే, నవ్వుతూ లేచినా సరే, ఆ రోజు మళ్లీ ఎక్కనివ్వద్దు. వాంతి, మగత, తలనొప్పి, మాట తడబడడం లాంటివి ఏవి కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. “పడ్డ వెంటనే మళ్లీ ఎక్కాలి” అన్న పాత మాట తల దెబ్బకు వర్తించదు.

మర్నాడు

రౌండ్ అయ్యాక పిల్ల దిగి, పొట్ట పట్టీ వదులు చేసి, ఊపిరి మామూలయ్యే దాకా గుర్రాన్ని తనే నడిపించాలి. మర్నాడు పొద్దున కాళ్లు తడిమి, గట్టి నేల మీద ట్రాట్ చేయించి కుంటు ఏమైనా ఉందేమో చూడాలి. రెండు రోజులు నడక మాత్రమే.

వీడియో ఆ సాయంత్రం చూడకండి, మూడో రోజు చూడండి. బార్ పడిన క్షణాన్ని వదిలేసి, దానికి ముందు ఐదు అంగలు చూపిస్తూ ఎక్కడ లయ మారిందో పిల్లనే చెప్పమనండి. ఆమె చెప్పింది నోట్‌బుక్‌లో తేదీ వేసి రాయించండి. వచ్చే నెల సాధన ఆ పేజీ నుంచి మొదలవుతుంది. రెండు మూడు వేర్వేరు మైదానాల్లో, గుర్రం ఆగకుండా, పిల్ల పగ్గాల మీద వేలాడకుండా ఇదే ఎత్తులో రౌండ్లు పూర్తి చేస్తే అప్పుడు 10 సెంటీమీటర్లు పెంచండి. పెంచిన వారం కోర్సులో కాంబినేషన్లు, బిగువు మలుపులు తీసేసి, తిన్నని దారులే పెట్టండి.